నలభై మూడో ప్రశ్న

బుధవారం మధ్యాహ్నం కౌంటీ కోర్టు గ్రంథాలయంలో లోర్నా కెట్లర్ ఒక పుస్తకం తెరిచి, చదివి, మూసి, మళ్లీ తెరిచిన చోట కిందటి వారం ఆగాం. అంతకుముందు జరిగింది ఇదీ. హార్లన్ గ్రోవ్ బడిలో ఎనిమిదో తరగతి గట్టెక్కాలంటే రాజ్యాంగ పరీక్ష పాసవ్వాలి. వంద ప్రశ్నలు, పాసుకు డెబ్బై మార్కులు, మూడు అవకాశాలు. మూడోసారీ తప్పితే ఇంకో ఏడాది అదే తరగతి. కొరీన్ హబ్బెల్ అనే పిల్లకు మొదటిసారి అరవై రెండు, రెండోసారి అరవై ఆరు, మూడోసారి అరవై తొమ్మిది వచ్చాయి. మూడుసార్లూ నలభై మూడో ప్రశ్నకు ఒకే జవాబు రాసింది. మూడుసార్లూ లోర్నా దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసింది. మూడోసారి ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చి, "తప్పు నాది కాదు మిసెస్ కెట్లర్, మీ జవాబుల కాగితానిది" అంది.

ప్రశ్న చిన్నది. అధ్యక్షుడు తిరస్కరించి వెనక్కి పంపిన బిల్లును సభ మళ్లీ గెలిపించుకోవాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి? మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులని లోర్నా కాగితంలో ఉంది. సభ నడపడానికి చాలినంత మంది వస్తే, ఆ వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు చాలని కొరీన్ రాసింది.

కోర్టు పుస్తకంలో కొరీన్ జవాబే ఉంది. సుప్రీంకోర్టు ఆ సంగతి 1919లో తేల్చేసింది. లోర్నా తన జవాబుల కాగితం టైపు చేసుకున్నది 1958లో.

*

గురువారం మూడుంపావుకి ఆఖరి గంట కొట్టింది. పిల్లలు వెళ్లిపోయారు. లోర్నా నల్లబల్ల తుడిచి, చేతులు కడుక్కుని, ప్రిన్సిపాల్ గదికి నడిచింది. నడవ పొడుగునా గోడకు రంగు కాగితాలు అంటించి ఉన్నాయి. రాజ్యాంగానికి రెండు వందల ఏళ్లు నిండుతున్న సంవత్సరం అది. ఆ కాగితాలు అంటించింది ఆమె తరగతే. నిచ్చెన ఎక్కి పై వరస అంటించింది మాత్రం ఆమే. మోకాలు ఆ రోజునుంచి నొస్తోంది.

డేల్ ప్రూయిట్ ఫోను పెట్టేసి కుర్చీ చూపించాడు. అతను ఆ బడికి కొత్త మాస్టరుగా వచ్చినప్పుడు రోజుకో పాఠం ఎలా కట్టుకోవాలో నేర్పింది లోర్నాయే. ఆ తర్వాత అతను ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆమె కాలేదు. అడగనూ లేదు.

"కోర్టుకెళ్లి చూశాను డేల్. ఆ పిల్ల రాసింది ఒప్పు."

"మంచిదే కదా. ఒక మార్కు కలిపేయండి. దయ మార్కని రాయండి. వచ్చే శుక్రవారం అందరితోపాటు దానికీ సర్టిఫికెట్ ఇచ్చేద్దాం."

"నిన్నే ఇస్తానన్నాను. వద్దంది. దయ నాకొద్దు, నేను రాసింది ఒప్పని కాగితం మీద రాసివ్వండి అంది."

డేల్ నవ్వాడు. "పద్నాలుగేళ్లు లేవు. ఇవన్నీ ఎవరు నేర్పుతున్నారో దీనికి."

"నేనే."

అతను నవ్వు ఆపి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "లోర్నా, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఒప్పని రాసిస్తే జవాబుల కాగితం తప్పని ఒప్పుకున్నట్టే. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే కాగితం. ఏడాదికి ముప్పైమంది. ఆ ఒక్క ప్రశ్న వల్ల ఎవరెవరు పోయారని ఊళ్లో అడగరా? మీ దగ్గర సమాధానం ఉందా?"

"చూస్తే ఉంటుంది."

"చూడకండి."

"ఎందుకు?"

"చూస్తే మీరు ఊరుకోరు కాబట్టి. సోమవారం స్కూలు బోర్డు మీటింగు. ఆరో అంశం మీకు రిటైర్మెంటు సన్మానం. ఇత్తడి పలక చెక్కించి తెప్పించాం, నా బీరువాలో ఉంది. ఆఫీసులో ఓబర్‌మిల్లర్ కేకు చేసుకొస్తానంటోంది. ఆ పూట దాటనివ్వండి. జూన్ మొదటి తారీకు నుంచి మీరెవరో, ఈ బడి ఏంటో."

"పలక మీద ఏం రాయించావు?"

"మీ పేరు, ఏళ్లు. కింద 'తప్పెరుగని గురువు' అని."

 డేల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"చెక్కడం అయిపోయింది, ఇప్పుడేం చెయ్యలేం" అన్నాడు. తర్వాత మాట మార్చాడు. "మీ తాళాల గుత్తి ఆఖరి రోజు ఇస్తే చాలు. ముందే ఇచ్చేస్తే మాకే కష్టం. నోటీసు పెట్టె తాళంచెవి ఓబర్‌మిల్లర్ రెండుసార్లు పారేసుకుంది. రెండుసార్లూ మీ గుత్తే దిక్కయింది."

*

లోర్నా తరగతికి తిరిగి వచ్చి, ఇనప బీరువా తెరిచింది.

మూడోసారీ తప్పిన పిల్లల కాగితాలు తల్లిదండ్రుల సంతకంతో దాచి ఉంచాలని బోర్డు నియమం. ఎప్పుడు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. మిగతా బళ్లలో ఏనాడో తగలబెట్టి ఉంటారు. లోర్నా ఏడాదికో కవరు కట్టి, తాడు చుట్టి, వరసలో నిలబెట్టింది. ఇరవై తొమ్మిది కవర్లు. చాలావాటిలో ఏమీ లేదు.

ఆమె ఒక్కొక్కటీ విప్పింది. మొత్తం పదకొండు కాగితాలు తేలాయి. అందులో, కొరీన్‌ది కాక, అరవై తొమ్మిది దగ్గర ఆగినవి రెండు. 1972లో ఒక అమ్మాయిది. ఆ అమ్మాయి నలభై మూడో ప్రశ్నకు "సగం మంది" అని రాసింది. అది ఎలా చూసినా తప్పే. లోర్నా దాన్ని పక్కన పెట్టింది. కొంచెం తేలికపడింది కూడా.

రెండోది 1966 కవరులో ఉంది. ఆ కవరుకు కట్టిన ముడి చూసి ఆమె ఒక క్షణం ఆగింది. ఆమె గడ్డిమోపులకు వేసే ముడి వేస్తుంది, చిన్నప్పుడు పొలంలో నేర్చుకున్నది. దీనికి బూటు లేసు ముడి ఉంది. ఊడ్చేవాళ్లు కింద పడేసి మళ్లీ కట్టి ఉంటారనుకుని విప్పింది.

రాయిస్ హబ్బెల్. మూడో పరీక్ష. అరవై తొమ్మిది.

నలభై మూడో ప్రశ్న దగ్గర పెన్సిల్‌తో రాసి ఉంది. "సభకు వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు. మా తాత చెప్పాడు." దాని మీద ఎర్ర గీత. గీత పక్కన ఎర్ర సిరాతో ఇంకో వాక్యం.

"రాజ్యాంగం రాసింది మీ తాత కాదు."

చేతిరాత ఆమెదే. అప్పట్లో అక్షరాలు నిటారుగా ఉండేవి.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఆ జవాబుల కాగితం ఎలా తయారైందో గుర్తుంది. వేసవిలో, అమ్మ వాళ్లింట్లో, వంటగది బల్ల మీద రాజ్యాంగం ప్రతి పరుచుకుని ఒక్కొక్క మాటా చదివింది. ఒప్పందాల దగ్గర 'హాజరైన సెనేటర్లలో' అని ఉంది. అభిశంసన దగ్గర 'హాజరైన సభ్యుల్లో' అని ఉంది. తిరస్కరించిన బిల్లు దగ్గర మాత్రం హాజరు మాట లేదు. కాబట్టి అక్కడ మొత్తం సభ్యులని అర్థం. మిగతా టీచర్లు అచ్చు వేసిన జవాబులు కొనుక్కుంటుంటే తను స్వయంగా చదివి రాసుకుంది. ఆ సంగతి చాలా ఏళ్లు కొత్త టీచర్లందరికీ చెప్పింది. కోర్టు ఏమందో చూడాలని మాత్రం తట్టలేదు. చదవడం రానివాళ్లు ఆ తప్పు చేయలేరు.

ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కడు. ఆ ఒక్కడు రోజూ పొద్దున ఏడు నలభైకి నాలుగో నంబరు బస్సు నడుపుకుంటూ బడి మెట్ల ముందుకు వస్తాడు.

తలుపు మీద ఎవరో వేలితో తట్టారు.

*

"మిసెస్ కెట్లర్, వీలుందా?"

రాయిస్ హబ్బెల్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్లవాడు. ఆఖరి ట్రిప్పు దింపేసి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అంటుకుని ఉంది.

"రా రాయిస్. కూర్చో."

అతను పిల్లల బల్లల వైపు చూసి, కూర్చోకుండా కిటికీ గట్టుకు ఆనుకున్నాడు. "అందులో పడితే మళ్లీ లేవలేను. కొరీన్ గురించి వచ్చాను. బస్సులో కూర్చుంది. మంగళవారం నుంచి నాతో మాట్లాడ్డం లేదు. ఏం చేశానే అంటే కిటికీలోంచి చూస్తుంది. మొండిఘటం, వాళ్లమ్మ పోలిక."

"డార్లీన్ గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు."

"అయితే ఎవరి పోలికో మరి" అని అతను టోపీ తిప్పాడు. "మీరు దయ మార్కు ఇస్తానన్నారని వాళ్లమ్మతో అందట. ఇచ్చెయ్యండి. అది వద్దంటే వినకండి. పిల్లల మాటకేముంది."

లోర్నా బల్ల మీది కాగితాన్ని అతని వైపు తిప్పింది. అతను దగ్గరికి వచ్చి చూశాడు. ముట్టుకోలేదు.

"ఇది ఇంకా ఉందా!"

"దాచాలని రూలు."

"మీరు రూలు తప్పరు కదా."

అది ఎత్తిపొడుపో కాదో ఆమెకు తెలియలేదు.

"నువ్వు రాసింది ఒప్పు రాయిస్."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"రాసినప్పటినుంచి."

బయట మైదానంలో గడ్డి కోసే యంత్రం ఆగింది. అతను మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"మా తాత సరుకు రైళ్ల మీద పనిచేశాడు. సారా ఎక్కించొద్దని చట్టమొస్తే ఒక రైల్వే కంపెనీ కోర్టుకెక్కింది. అధ్యక్షుడు కాదన్న బిల్లును సభకు చాలామంది రాని రోజు చూసి గెలిపించుకున్నారు, అది చెల్లదు అని. ఓడిపోయింది. వచ్చినవాళ్లలో లెక్క చూస్తే చాలన్నారు జడ్జీలు. తాత ఆ కథ పాతికసార్లు చెప్పాడు, సారా మీద బెంగకొద్దీ. బంగాళాదుంపలు అటు జరపమన్నా ముందు ఆ కథ చెప్పి జరిపేవాడు."

"ఈ సంగతి అప్పుడు నాకు చెప్పాల్సింది."

"చెప్పాను."

లోర్నా అతని ముఖంలోకి చూసింది.

"లేచి నిలబడి చెప్పాను. మూడో వరసలోంచి. మీరు కూర్చోమన్నారు. కూర్చోలేదు. అప్పుడు మీరు, 'తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఈ గదిలోకొచ్చి చెప్తే అప్పుడు దిద్దుతాను' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బానే ఉంది కదా మాట."

"నాకు గుర్తు లేదు రాయిస్."

"మీకెందుకుంటుంది? మీకు ఏడాదికి ముప్పైమంది. నాకున్నది ఒక్క ఎనిమిదో తరగతి." అతను లెక్క సరిచేశాడు. "సరే, ఒకటిన్నర. రెండోసారి జనవరి దాకా వచ్చాను. పదహారు నిండగానే మా నాన్న ధాన్యం గోదాంలో పెట్టించాడు. తర్వాత సైన్యం. తర్వాత మళ్లీ గోదాం. తర్వాత ఈ బస్సు."

ఇరవై తొమ్మిదేళ్లలో పిల్లల ముందు క్షమాపణ చెప్పాల్సి వచ్చినప్పుడు లోర్నా నిలబడి చెప్పేది. ఇప్పుడూ లేచింది. మోకాలు సహకరించక బల్ల పట్టుకుంది.

"నాది తప్పు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. సోమవారం బోర్డు ముందు చెప్తాను. కొరీన్ కాగితం మీదా నీ కాగితం మీదా నా చేత్తో మార్కు దిద్దుతాను. నీ సర్టిఫికెట్ నీకు వస్తుంది."

"నా కాగితం జోలికి పోవద్దు."

అతను ఆ మాట గట్టిగా అనలేదు. లోర్నా మళ్లీ కూర్చుంది.

"బస్సు ఉద్యోగానికి ఫారం నింపాలి కదా. ఎనిమిదో తరగతి పాసయ్యారా అని ఒక గడి. అయ్యాను, 1966, మిసెస్ కెట్లర్ క్లాసు అని రాశాను. కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను, తప్పు రాసినట్టు తేలితే ఉద్యోగం ఉండదని. దాని కిందే సంతకం." అతను టోపీ కిటికీ గట్టు మీద పెట్టాడు. "డార్లీన్‌కి వారానికి మూడుసార్లు పియోరియా ఆసుపత్రిలో డయాలిసిస్. ఆ ఖర్చు భరించే బీమా ఈ ఉద్యోగంతో వచ్చిందే. బస్సు పోతే అదీ పోతుంది."

"ఎవరూ నన్ను అడగలేదే."

"అడగలేదు. అడుగుతారనే ఎనిమిదేళ్లు చూశాను. రోజూ పొద్దున మీరు మెట్ల మీద నిలబడి 'గుడ్ మార్నింగ్ రాయిస్' అంటారు. నేను తేలు కుట్టిన దొంగలా స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటాను. ఇవాళ అడుగుతుంది, నువ్వు తప్పావు కదరా, ఈ ఉద్యోగం నీకెవడిచ్చాడు అని ఇవాళ అడుగుతుంది అనుకుంటాను. మీరు అడగరు. ఎంత దయగల మనిషి అనుకునేవాణ్ణి."

లోర్నా తల దించుకుని కాగితం అంచు సరిచేసింది. ఎనిమిదేళ్లలో ఒక్క పొద్దున కూడా ఆమెకు ఆ సంగతి గుర్తు రాలేదు. అతను తప్పాడన్నదే మర్చిపోయింది. ఆ మాట అతనితో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"కొరీన్‌కి తెలుసా?" అని అడిగింది.

"నేను పాసయ్యాననే దానికి తెలుసు. మార్చిలో వంటింట్లో కూర్చుని మీరిచ్చిన ప్రశ్నలు చదువుకుంటోంది. నలభై మూడో దానికి మీ జవాబు పైకి చదివింది. నేను గిన్నెలు తోముతున్నా. 'అది కాదు' అన్నాను. నోరు జారింది. నీకెలా తెలుసంటే మా తాత చెప్పాడన్నాను. అంతే. ఇది మూడుసార్లూ పట్టుకుని అదే రాస్తుందని నాకేం తెలుసు?"

"నువ్వు రాయలేదా మూడుసార్లు?"



లోర్నా 1966 కాగితాన్ని మడిచి కవరులో పెట్టింది. "ఇలా చేద్దాం. కొరీన్ జవాబు ఒప్పు, నా కాగితం తప్పు అని సోమవారం చెప్తాను. అంతవరకే. ఇంకెవరి పేరూ రాదు."

"ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతారు."

"అడుగుతారు."

"అప్పుడు?"

"చూడలేదని చెప్తాను."

"మీరు అబద్ధం చెప్తారా మిసెస్ కెట్లర్?"

"అలవాటు లేదు."

"అలవాటుకి ఎంతసేపు? నాకు ఒక్క ఫారంతో అలవాటైంది" అన్నాడు రాయిస్. అతని ముఖంలో నవ్వు లేదు. "మీకు చెప్పలేకపోతే చెప్పొద్దు. కానీ ముందు నాకు చెప్పండి. రెండు రోజులు ముందు. డార్లీన్‌కి నేనే చెప్పుకుంటాను."

"నీ పేరు నా నోట రాదు. సరేనా?"

"సరే" అన్నాడతను. టోపీ పెట్టుకున్నాడు.

ఆమె కవరుకి గడ్డిమోపు ముడి వేసి, బీరువాలో పెట్టి, తాళం వేసింది. లైట్లు ఆర్పింది. ఇద్దరూ నడవలోకి వచ్చారు. అతను అడుగు తగ్గించి ఆమె మోకాలికి సరిపడా నడిచాడు. దార్లో నిచ్చెన ఎవరెక్కారని అడిగాడు. నేనే అంది. ఈసారి నన్ను పిలవండి అన్నాడు. ఈసారి అనేది ఇక లేదని ఇద్దరికీ తెలుసు.

*

ఆఫీసు మూసేసి ఉంది. మిసెస్ ఓబర్‌మిల్లర్ ప్రతి గురువారం నాలుగింటికి సోమవారం మీటింగు అంశాల కాగితం బయటి తలుపు పక్కనున్న అద్దాల నోటీసు పెట్టెలో అంటించి, తాళం వేసి, ఇంటికి వెళ్లిపోతుంది. శుక్రవారం ఎనిమిదింటికి కౌంటీ పత్రిక మనిషి వచ్చి దాన్ని రాసుకుంటాడు. ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా బోర్డు ముందు మాట్లాడాలంటే గురువారం మధ్యాహ్నం లోపు ఆమెకు కాగితం ఇవ్వాలి. ఇచ్చింది ఇచ్చినట్టు ఆమె టైపు కొడుతుంది. కొట్టేటప్పుడు చదవనని, చదివితే వేళ్లు ఆగిపోతాయని ముప్పై ఏళ్లుగా చెబుతోంది.

రాయిస్ బయటి తలుపు తోయబోయి ఆగాడు. అద్దంలో తన పేరు కనిపిస్తే ఎవరైనా ఆగుతారు.

ఆరో అంశం, శ్రీమతి లోర్నా కెట్లర్‌కు సన్మానం, పలక బహూకరణ.

ఏడో అంశం, కొరీన్ హబ్బెల్, ఎనిమిదో తరగతి. రాజ్యాంగ పరీక్షలో నలభై మూడో ప్రశ్న జవాబు దిద్దాలని విన్నపం. సాక్షి, రాయిస్ హబ్బెల్, తండ్రి. 1966లో ఇదే ప్రశ్నకు ఇదే జవాబు రాసి, ఒక్క మార్కుతో తప్పిన విద్యార్థి.

అతను అద్దం మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు. ఆఖరి మాట దగ్గర వేలు ఆగిపోయింది. లోర్నా అతని భుజం మీదుగా చదివింది. మంగళవారం సాయంత్రం కొరీన్ డస్టర్లు దులుపుతానని తరగతిలో ఉండిపోయింది. పిల్ల కదా అని లోర్నా బీరువా తెరిచే ఉంచి టీచర్ల గదిలో కాఫీ తాగి వచ్చింది. బూటు లేసు ముడి ఎవరిదో ఇప్పుడు తెలిసింది. తాతను గురించిన ఎర్ర సిరా వాక్యం కూడా ఆ పిల్ల చదివే ఉంటుంది.

"ఇది ఎవరు చూశారు?" అన్నాడు రాయిస్. అతని గొంతు మామూలుగానే ఉంది.

"ఓబర్‌మిల్లర్ ఒక్కతే. ఆమె చదవదు."

"రేపు పొద్దున పత్రికవాడు చదువుతాడు."

"అవును."

"అది నాకోసమే చేసింది. ఫారం సంగతి దానికి తెలీదు. తెలిస్తే చేసేది కాదు." అతను ఇటు తిరిగాడు. "ఈ రాత్రి కూర్చోబెట్టి చెప్తాను. రేపు దానంతట అదే వచ్చి వెనక్కి తీసుకుంటుంది. ఒక్క రాత్రి చాలు నాకు. మిసెస్ కెట్లర్, దీన్ని తియ్యొచ్చా?"

ప్రభుత్వానికి విన్నపం పెట్టుకున్న పౌరుణ్ణి ఆపే అధికారం ఎవరికుంది? అది అరవై ఒకటో ప్రశ్న. ఎవరికీ లేదన్నది జవాబు. కొరీన్ మూడుసార్లూ సరిగ్గా రాసింది. ఆ ప్రశ్న వరకూ జవాబుల కాగితంలో తప్పు లేదు.

లోర్నా చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. గుత్తిలో పద్నాలుగు చెవులున్నాయి. నోటీసు పెట్టెది అన్నిట్లోకీ చిన్నది. వెతక్కుండానే వేళ్లకు తగిలింది.

ఆమె తల ఎత్తింది. బయటి తలుపు అద్దం అవతల, మెట్ల కింద, నాలుగో నంబరు బస్సు నిలిచి ఉంది. ముందు సీట్లో కొరీన్ ఉంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇటే చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు.

లోర్నా గుత్తి బయటికి తీసింది.

బస్సు తలుపు తెరుచుకుంది.